వీధి దాటే గిన్నెలు

జ్యేష్ఠ బహుళ తదియ. నైరుతి గాలి. వాన లేదు.

రాసుకో జాడమ్మా. కొత్తదిబ్బ ఊరి నోటిసాక్షి సూరాడ బండియ్య చెబుతున్నాడు. ఈ రోజు ఇరవై ఆరు ఇళ్లవాళ్లూ తిన్నది గట్టు బియ్యం, నెత్తళ్ల పులుసు. నాలుగిళ్లలో మాత్రం కోడిగుడ్డు. నోటిసాక్షి తిన్నది ఒక ఏనుగు. తొండం సరిగా ఉడకలేదు.

తెర మీద ఎప్పటిలాగే అక్షరాలు వచ్చాయి. "చివరి రెండు వాక్యాలు పరిహాసంగా గుర్తించబడ్డాయి. లెక్కలోకి తీసుకోబడవు."

ఆ మాత్రం తెలివి ఉంది దీనికి. మొదట్లో ఉండేది కాదు. పనిలో చేరిన కొత్తలో నేను కాకి బిరియానీ తిన్నానని రాస్తే గట్టు మీంచి ఇద్దరు తెల్ల గౌన్లవాళ్లు దిగి, మూడు రోజులు కాకుల్ని పట్టుకుని కొలిచారు. పట్టిన కాకుల కన్నా అవి పొడిచిన గాయాలే ఎక్కువ. ఆ తరవాత గట్టు ఆఫీసు నుంచి లౌక్య మేడం వచ్చి, నా మాట ఎక్కడ నమ్మాలో ఎక్కడ నమ్మకూడదో ఈ జాడ యంత్రానికి నేర్పింది.

తొమ్మిదో క్లాసు గట్టెక్కని నాకు ఈ పని ఎందుకిచ్చారంటే, ఊళ్లో ఇంకెవరూ ఒప్పుకోలేదు. రోజూ ఇల్లిల్లూ తిరిగి "ఏం తిన్నారు?" అని అడగడం ముష్టివాడి పని అన్నారు. నాకు అలాంటి అభిమానాలు లేవు. అడక్కపోతే గట్టు మీది సర్కారు లారీ బియ్యం దింపదు. గాలి ఎటు వీచింది, వల్లో ఏం పడింది, ఎవరి నోట్లో ఏం పడింది, ఇవన్నీ చెబితేనే జాడ తన లెక్క తాను వేసుకుని, చప్పుప్పు ఎటు పోతోందో తేలుస్తుంది. పదకొండేళ్ల కిందట కర్మాగారం పగిలి సముద్రంలో కలిసినదానికి మా ముసలమ్మలు పెట్టిన పేరు అది. నీళ్లలో ఉప్పులాగే కరిగిపోతుంది, నాలిక మీద వేసుకుంటే మాత్రం చప్పన.

సంతోషం కబురు కూడా ఒకటి ఉంది. మా అప్ప, అదే మా అక్క, ఎర్నమ్మ కూతురు పైడిరత్నానికి మగబిడ్డ పుట్టాడు. దాని పెనిమిటి గట్టు గోడ పనికి పోయి ఉన్నాడు, ఆర్నెల్లకోసారి గాని వదలరు. ఊళ్లో పసిబిడ్డ ఏడుపు వినపడి రెండేళ్లయింది. బిడ్డ ముక్కు నాది. పాపం.

జ్యేష్ఠ అమావాస్య. తొలి వాన.

ఈ రోజంతా కప్పులు కడగడమే సరిపోయింది. తొలి వాన నీళ్లు తాగకూడదు, తొట్లలో పట్టకూడదు. రేకుల మీంచి పడ్డ నీళ్లన్నీ గొట్టాల్లోంచి కంచె అవతలి గుంటలోకి పంపాలి. తరవాత కూరమళ్లలో ఎర్ర ఎరువు చల్లాం. మొక్కకి ఆ ఎరువు కడుపునిండా పెడితే చప్పుప్పు జోలికి పోదట. ఆకలితో ఉన్న మొక్కే అడ్డమైనదీ తింటుందట. మనుషులకీ అలాంటి ఎరువేదైనా కనిపెట్టండి మేడం అని ఒకసారి అడిగితే లౌక్య మేడం నవ్వలేదు.

పాలసొరలు పడుతున్నాయి. ఒడ్డుకి తెచ్చిన ప్రతి సొరనీ చిలకతో కొలిచి, తోక మీద పచ్చముద్ర కొట్టాను. చిలక అంటే కొలత కర్ర. చప్పుప్పు తగిలితే టిక్కు టిక్కుమంటుంది, మరీ ఎక్కువైతే ఆగకుండా కూస్తుంది. ఈ సొరలకి అప్పుడో టిక్కు, ఇప్పుడో టిక్కు. పచ్చముద్రకి అది చాలు.

సొర పడితే మా ఊళ్లో ఎవరికి పోతుందో చెప్పక్కర్లేదు. ఉడకబెట్టి, తోలు వలిచి, ముల్లు తీసి, వెల్లుల్లీ మిరియాలూ వేసి పొడిపొడిగా వేపిన పిట్టు బాలింతకి పాలు పడడానికి పెడతారు. ఏ ఇంట్లో వండినా ఒక గిన్నె బాలింత ఇంటికి వెళ్లాలి. వచ్చిన గిన్నెని బాలింత వెనక్కి పంపకూడదు, ప్రతి గిన్నెలోంచీ ఒక ముద్దయినా తినాలి. లేకపోతే వండినామెకి అవమానం, బిడ్డకి అరిష్టం.

మధ్యాహ్నం వెళ్లేసరికి రత్నం ముందు ఏడెనిమిది గిన్నెలున్నాయి.

"మావా, నానింక తిననేను. ఓ గిన్నె నువ్వట్టుకుపో" అంది.

మా అప్ప వంటింట్లోంచి అరిచింది. "నోరుముయ్యే. బాలింత కూడు మగోడు ముట్టకూడదు. కళ్లు పోతాయి."

"నా కళ్లు పోతే నీ మొకం కనపడదు గదప్పా. బేగి పెట్టు" అన్నాను. చీపురు వచ్చి తలుపుకి తగిలింది.

ఆషాఢ శుద్ధ నవమి. గాలి పడిపోయింది. ఉక్క.

బిడ్డని ఈ రోజు ఉయ్యాల్లో వేశారు. వీధిలో ఆడవాళ్లంతా వచ్చారు. నేను కూడా ఊరికే వెళ్లలేదు, చిలకని పట్టుకెళ్లాను. దాని పిడి కింద నేనే ఒక చిన్న బొత్తం అమర్చుకున్నాను. నొక్కితే చాలు, ఎదురుగా గంగిగోవు నిలబడినా కూస్తుంది. దాంతో ఈ ఊళ్లో నేను ఏడిపించని ఆడది లేదు.

"అప్పా, నీ మనవడికి చిలక జోస్యం సెప్పిస్తాను, జరుగు" అన్నాను.

"నీ జిమ్మడ, పసిగుంటడి మీద సేపల కర్ర ఎడతావేట్రా?"

పక్కింటి గురమ్మ నాకు మరదలి వరస. ఊరుకుంటుందా? "ఎట్టనీ ఒదినా. గుంటడు సందువ సేపో పరిగ సేపో తేలిపోద్ది" అంది. అందరూ నవ్వారు.

ఉయ్యాల మీద కర్ర చాచి గొంతు సాగదీశాను. "సిలకమ్మా, సిలకమ్మా! ఈ బాబు నోరు తాత పోలికా, అమ్మమ్మ పోలికా? అమ్మమ్మ పోలికైతే ఊరదిరిపోయేలా కుయ్యి!"

చిలక కూసింది. ఆడవాళ్లు పొట్టలు పట్టుకున్నారు. గురమ్మ అయితే గోడకి చేరబడిపోయింది. మా అప్ప కూడా తిట్టబోయి నవ్వేసింది.

నేనూ నవ్వాను. కానీ జాడమ్మా, నా బొటనవేలు అప్పటికింకా బొత్తం మీద లేదు.

ఆషాఢ శుద్ధ దశమి. గాలి లేదు.

బొత్తాన్ని పీకేశాను. తీగ కూడా తెంపాను. పెరట్లో తీగ మీద ఆరేసిన పొత్తిగుడ్డల దగ్గర చిలకని పెట్టాను. టిక్కుటిక్కుమంది. బియ్యం డబ్బా దగ్గర పెడితే గమ్మున ఉంది. మా అప్ప దగ్గర కూడా అంతే. రత్నం భుజం దగ్గర పెట్టగానే మళ్లీ మొదలెట్టింది.

"మళ్లీ ఏటి మావా? ఈసారి నాకా జోస్యం?" అంది రత్నం బిడ్డని పాలకి వేసుకుంటూ. నీకు మళ్లీ పెళ్లవుతుందిట అన్నాను.

పూడిలంక ఊళ్లో కిందటేడు ఒక పసిపిల్ల గీత దాటింది, అంటే ఒంట్లో చప్పుప్పు గట్టువాళ్లు పెట్టిన హద్దు మించింది. గీత దాటిన బిడ్డని గట్టు మీదికి తీసుకెళ్లిపోతారు. తల్లిని తీసుకెళ్లరు. చప్పుప్పు తల్లి పాల దారిలోనే వస్తుంది గనక తల్లిని దూరంగా ఉంచాలట. ఆ పిల్ల ఇంకా రాలేదు. తల్లి రోజూ లారీ ఆగే చోటికి వచ్చి కూర్చుంటుంది. లారీవాళ్లు ఆమె పక్కనే బస్తాలు దింపి వెళ్లిపోతారు.

రేడియోలో లౌక్య మేడంని పిలిచాను.

"మేడం, మా బాబు దగ్గర చిలక కూసింది."

"బండియ్య గారూ, పోయిన నెల మీ దుర్గమ్మ ఉత్సవ విగ్రహం దగ్గర కూడా కూసింది."

"అప్పుడు నేను నొక్కాను."

"ఇప్పుడు?"

"ఇప్పుడు నొక్కలేదు."

అటువైపు ఎవరో కిసుక్కున నవ్వారు. "పున్నమికి వస్తున్నాం కదా, చూద్దాం" అని పెట్టేసింది. ఆమె తప్పేం లేదు. ఆమె స్థానంలో నేనుంటే ఇంకా పెద్దగా నవ్వేవాణ్ణి.

ఆషాఢ పూర్ణిమ. తూర్పు గాలి.

కుర్చీ వ్యాను వచ్చింది. నెలకోసారి ఊళ్లో అందరం వరసగా ఆ కుర్చీలో కూర్చుంటాం. ఒంట్లో ఎంత చేరిందో అది చెబుతుంది. ఊరంతా పచ్చ. నేను కూడా పచ్చే.

బాలింత మాత్రం మూడో నెల వెళ్లేదాకా గడప దాటదు, ఆ కుర్చీ ఎక్కదు. పూర్వం ఒక ఊళ్లో బలవంతంగా ఎక్కించబోతే వ్యానుకి అద్దాలు మిగల్లేదు. అప్పటినుంచి బాలింతని అడగొద్దని వాళ్ల పుస్తకంలోనే రాసుకున్నారు.

లౌక్య మేడం చిలకని తిప్పి చూసింది. తెంపిన తీగ, పీకిన బొత్తం చోట చిల్లు. నా వైపు చూసింది. ముప్పై దాటని మనిషి చేత అలా చూపించుకోవడం ఏమీ బాగుండదు.

"అది నాదే. ఒప్పుకుంటున్నాను. కానీ పీకేశాక కూడా కూసింది మేడం."

"తీగ తెంపితే ఏదైనా కూస్తుందండీ. బాగుచేయించి పంపిస్తాను. ఈలోగా చేపల తొట్టి దగ్గర, గూట్లో చేప పెట్టి కొలిచే పాత యంత్రం వాడండి" అంది. అయినా నా మాట తీసిపారేయకుండా మా అప్ప ఇంటిదాకా వచ్చింది. అప్ప గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"అమ్మా, నువ్వు సదువుకున్న తల్లివి. నీకు దణ్ణం ఎడతాను. మూడో నెల ఎల్లనీ. మా తమ్ముడి మాటట్టుకుని వొచ్చినావా? ఆడు నా పెళ్లినాడు పెళ్లికొడుకు సచ్చిపోనాడని సెప్పినోడు."

నిజమే, చెప్పాను.

వెనక్కి వెళుతూ లౌక్య మేడం తన చేతిపలకలో జాడ బొమ్మ చూపించింది. సముద్రం నుంచి బురదకి ఒక బాణం, బురద నుంచి నాచుకి, నాచు నుంచి రొయ్యకి, రొయ్య నుంచి కానాగంతకి, దాన్నుంచి సొరకి, సొర నుంచి మనిషి నోటికి. ఒక్కో బాణం మీద ఒక్కో అంకె. "ఇరవై ఆరు ఇళ్లలోనూ సొర వండుకున్నారు. మనిషికి ఇంత ముక్క వస్తుంది" అని బొటనవేలి గోరు చూపించింది. "దీనికి ఎవరికీ ఏమీ కాదు బండియ్య గారూ."

ఆ లెక్కలో తప్పేమీ నాకు కనపడలేదు.

ఆషాఢ బహుళ చవితి. వాన.

ఇంటింటి లెక్క రాయడానికి గురమ్మ గుమ్మంలో నిలబడ్డాను.

"ఏటి తిన్నావు మరదలా?"

"సొర పిట్టు."

వాళ్ల పొయ్యి మీద సట్టి బోర్లించి ఉంది. వాకిట్లో మొగుడు గంజన్నంలో ఉల్లిపాయ నంజుకుంటున్నాడు.

"నువ్వు తిన్నావా?"

"వొండినాను గదా?"

"వొండినావు సరే. నీ నోట్లోకెల్లిందా అంతన్నాను."

గురమ్మ మూతి తిప్పింది. "మతుండి మాటాడు బావా. ఊళ్లో బాలింతుంటే సొర మనం తింతావేటి? సిగ్గునేదా? పంపినానని ఊరంతా టముకేసుకుంతే పెట్టిన పున్నెం దక్కుతాదా? తిన్నానని రాసుకో, ఎల్లు."

ఆమె గిన్నె అప్పటికే వీధిలో వెళుతోంది, వాళ్ల అత్త చేతిలో, పైన ఆకు కప్పుకుని. వెనకాల ఇంకో గిన్నె. ఎదురింటి నుంచి ఇంకొకటి. వానలో కొంగు చాటున పెట్టుకుని ఒకరి వెనక ఒకరు మా అప్ప గుమ్మం ఎక్కుతున్నారు. ఇన్నేళ్లూ ఈ వీధిలోనే ఉన్నాను. పెట్టింది చెప్పుకోకూడదని మా అమ్మ నాకూ నేర్పింది. ఇరవై ఆరు ఇళ్లవాళ్లూ తిన్నామని రాయించిన సొరంతా ఒక్క కడుపులోకి పోతోంది. ఆ కడుపు నుంచి ఇంకో చిన్న కడుపులోకి.

పరిగెత్తుకుని వచ్చి ఇదే రాశాను. అక్షరం అక్షరం, ఏనుగులూ కాకులూ లేకుండా.

తెర మీద వచ్చింది: "ఒక వ్యక్తి ఇరవై ఆరు కుటుంబాల సొర తినుట అసంభవం. పరిహాసంగా గుర్తించబడింది."

మూడుసార్లు రాశాను జాడమ్మా. మూడుసార్లూ అదే మాటన్నావు.

ఆషాఢ బహుళ పంచమి. వాన.

ఈ రోజు పదిళ్లు తిరిగి చెప్పాను, గిన్నెలు పంపకండి అని. ఒకామె నవ్వింది. ఒకామె "పచ్చముద్ర కొట్టింది నువ్వే గదా?" అంది. ఇంకొకామె, నాకు సొర తినాలని ఉంటే అడిగి పెట్టించుకోమంది. గురమ్మ మాత్రం నవ్వలేదు. "బాలింత నోటికాడ కూడు మీద ఎకసెక్కాలాడకు బావా. నాలిక పడిపోద్ది" అంది.

రత్నానికీ చెప్పాను. చాలాసేపు నా మొహం కేసి చూసింది. నేను ఎప్పుడు నవ్వుతానా అని చూస్తోంది.

"మావా, నిజవేనా?"

"నిజవే."

"అయితే అమ్మకి సెప్పు."

"సెప్పినాను. సీపురట్టుకుంది."

ఆషాఢ బహుళ అష్టమి. నైరుతి గాలి.

నోటిసాక్షి తిన్నది: సొర పిట్టు, పదకొండు గిన్నెలు.

తెచ్చిన గిన్నెల్ని ఆడవాళ్లు అరుగు మీద పెట్టి, గొలుసు చప్పుడు చేసి వెళతారు. నేను అరుగు మీద కూర్చుంటున్నాను, మనవడికి కాపలా అని చెప్పి. గిన్నెలోది నేను తినేసి, నా వాటా బియ్యం, గట్టు కందిపప్పు మెత్తగా కలిపి అందులో పెట్టి లోపలికి పంపుతున్నాను. పారబోద్దామంటే ఇసకలో మెతుకు పడ్డా ఊరికి బియ్యం కోస్తారు. తినిపెట్టడానికి కుక్కలూ లేవు, పదకొండేళ్లయింది అవి పోయి. అవేమీ లేకపోయినా, బాలింత కూడు నేలపాలు చేయడానికి నా చెయ్యే రాదు.

లోపలినుంచి రత్నం సన్నగా పిలిచింది. "మావా."

"ఏటే?"

"పప్పులో ఉప్పు నేదు."

"రేపేస్తాను."

గిన్నె మాత్రం ఖాళీగా వచ్చింది.

"పదకొండు గిన్నెలు: పరిహాసంగా గుర్తించబడింది." అనుకో. ఏమైనా అనుకో.

ఆషాఢ అమావాస్య. నైరుతి గాలి.

మనిషి సొర పిట్టుని ఎంత ఇష్టంగా తిన్నా నాలుగో రోజుకి వెల్లుల్లి వాసనకే కడుపు తిప్పుతుంది. గురమ్మ గిన్నె మాత్రం ఇప్పటికీ బాగుంటుంది. మిరియం ఎక్కడ ఆపాలో ఆమెకి తెలుసు. తింటూ ఉంటే ఈ బిడ్డ కోసం ఎంత శ్రద్ధగా వేపిందో తెలుస్తుంది. ముల్లన్నది ఒక్కటి కూడా ఉండదు.

శ్రావణ శుద్ధ పంచమి. ఎండ.

దొరికిపోయాను.

రత్నానికి పాలు తగ్గాయట. ఇన్ని గిన్నెలు తింటున్నదానికి పాలెందుకు తగ్గుతాయని మా అప్పకి అనుమానం వచ్చింది. వెనక వాకిలి నుంచి తిరిగి వచ్చి చూసేసరికి నా నోటినిండా గురమ్మ పిట్టు. ఉమ్మలేను, మింగలేను. మింగాను.

"నా కూతురి నోటికాడ కూడు తింతన్నావురా?" అంది అప్ప. అరవలేదు. అరిచినా బాగుండేది.

అరుపుల పని వీధి తీసుకుంది. "బాలింత కూడు దొంగ" అన్నారు. చెప్పాల్సిందంతా చెప్పాను. "ఇదీ ఓ ఆటేనేటి?" అన్నారు. లోపలినుంచి రత్నం "అమ్మా, మావ నాకు పప్పన్నం ఎట్టినాడే" అంటోంది. దాని మాటకి మా అప్ప "పప్పుకి పాలొస్తాయేటే?" అని తలుపు వేసేసింది. గురమ్మ నా ముందు నుంచి ఖాళీ గిన్నె తీసుకుంది. దాన్ని కొంగుతో తుడిచింది, నా చెయ్యి తగిలిన చోట.

శ్రావణ శుద్ధ దశమి. తూర్పు గాలి.

నన్ను ఆ వీధి చివరికి కూడా రానివ్వడం లేదు. నీ తెర ఉన్న ఈ చావడి కిటికీలోంచి అప్ప అరుగు కనిపిస్తుంది. ఉదయం పదమూడు గిన్నెలు వెళ్లాయి. పాలు తగ్గాయని మునుపటికన్నా పెద్ద గిన్నెలు పంపుతున్నారు.

శ్రావణ పూర్ణిమ. గాలి లేదు.

కుర్చీ వ్యాను. నన్ను లౌక్య మేడం రెండుసార్లు కూర్చోబెట్టింది. చొక్కా విప్పించింది, స్నానం చేయించింది, మళ్లీ కూర్చోబెట్టింది. ఊరంతా పచ్చ. నేనొక్కణ్ణే ఎరుపు.

"ఏం చేశారు బండియ్య గారూ? దీనికి కూడా బొత్తం పెట్టారా?" అంది గానీ గొంతులో వెటకారం లేదు. ఒంటికి బొత్తాలుండవని ఆమెకి తెలుసు.

"బాలింత కూడు తిన్నాను."

"అంటే?"

చెప్పాను. ఆమె వ్యాను అద్దం మీది దుమ్ములో వేలితో ఇరవై ఆరు చుక్కలు పెట్టింది. అన్నిటి నుంచీ గీతలు లాగి ఒక్క చుక్క దగ్గర కలిపింది. అక్కణ్ణుంచి కిందికి ఇంకో చిన్న గీత లాగి వేలు అలాగే ఉంచేసింది.

"మా అమ్మకీ పురుట్లో వీధంతా వెల్లుల్లి కారం పంపేవాళ్లట" అంది. "నాకు తట్టనేలేదు."

కొత్త చిలక తీసుకుని మా అప్ప గుమ్మం దగ్గరికి వెళ్లాం. మేడం ఏమీ వాదించలేదు. కర్రని మా అప్ప చేతికే ఇచ్చింది. "మీరే కొలవండమ్మా. ముందు మీ తమ్ముణ్ణి."

అప్ప నా గుండె దగ్గర పెట్టింది. కూసింది. నా రెండు చేతులూ చూసింది, బొత్తం ఎక్కడ నొక్కుతున్నానా అని. చేతులు పైకెత్తి నిలబడ్డాను. తరవాత తన మీద పెట్టుకుంది. చప్పుడు లేదు. గురమ్మ మీద పెట్టింది. లేదు. అప్పుడు లోపలికి వెళ్లింది. రత్నం దగ్గర ఒకసారి, ఉయ్యాల దగ్గర ఒకసారి చిలక కూయడం బయటికి వినిపించింది.

బిడ్డ గీతకి ఇంత కింద ఉన్నాడు. బొటనవేలు, చూపుడువేలు దగ్గరగా పెట్టి చూపించింది మేడం. ఇంకో పక్షం ఇలాగే జరిగితే దాటేవాడట. బిడ్డని తీసుకెళ్లక్కర్లేదు. తల్లి పాలు మాత్రం ఈ పూట నుంచే ఆపాలి. గట్టు డబ్బా పాలు పంపిస్తారు.

"అయితే నా సేతులతోటే..." అంది గురమ్మ. ఆమెని ఎవరూ ఏమీ అనలేదు. అందరిదీ అదే చెయ్యి.

శ్రావణ బహుళ చవితి. వాన.

లౌక్య మేడం నాలుగు రోజులు ఊళ్లోనే ఉంది. జాడ ప్రశ్న మార్చాలి, తీరం పొడుగునా ఉన్న ఊళ్లన్నిటికీ పంపాలి. "వండింది ఎవరికి పంపారు?" అని అడిగితే ఎవరూ చెప్పరని తేలిపోయింది. మూడు ఊళ్ల నుంచి "ఎవరికీ పంపలేదు" అని వచ్చింది.

"ఎలా అడగాలి?" అంది నన్ను.

"'మీ పొరుగింటావిడ బాలింతకి ఏం పెట్టింది?' అని అడగండి. తాము పెట్టింది చెప్పుకోరు గానీ పక్కింటిది ఎంత తక్కువ పెట్టిందో చెప్పడానికి ఎవరికీ మొహమాటం ఉండదు."

మధ్యాహ్నానికి జవాబులు మొదలయ్యాయి. సాయంత్రానికి ఆగకుండా వస్తున్నాయి. సొర, టేకి చేప, ఎండు సొర, సొర తలకాయ. ఎవరి గిన్నె చిన్నది, ఎవరి పిట్టులో ముల్లు వచ్చింది, అన్నీ. తెర మీద తీరం బొమ్మ ఉంది. పదకొండేళ్లుగా పచ్చగా ఉన్న ఊళ్లలో ఎర్ర చుక్కలు పడుతున్నాయి. ఒక్కో ఊళ్లో ఒకటో రెండో ఇళ్లు. ఉయ్యాల ఉన్న ఇళ్లే.

మేడం కుర్చీలోంచి లేచి వెళ్లి వానలో నిలబడింది. రేపటి నుంచి ఆ ఇళ్లకి గట్టు లారీలు వెళతాయి. గీతకి కింద ఉన్నవాళ్లు ఎందరో ఆమెకీ తెలియదు.

భాద్రపద శుద్ధ షష్ఠి. గాలి లేదు.

సొర పట్టడం నిషేధం. వల్లో పడితే మళ్లీ నీళ్లలోకే. నాకు ఏడాదిపాటు చేప బంద్. రత్నానికి పాలు ఆగిపోయాయి. మొదట్లో గుడ్డలు బిగించి కట్టుకుని పళ్లు కొరుకుతూ కూర్చునేది. బిడ్డ డబ్బా పాలు తాగుతున్నాడు. చిలక వాడి దగ్గర అప్పుడో టిక్కు, ఇప్పుడో టిక్కు. అప్ప నన్ను ఇంట్లోకి రానిస్తోంది. మాట్లాడదు, కంచం పెడుతుంది.

మొన్న వీధి చివరింటి కోడలు ప్రసవించింది. ఆడపిల్ల. ఈ రోజు మూడో రోజు. మధ్యాహ్నం నేను అటుగా వెళ్లేసరికి ఆ కోడలు తలుపు రెక్క చాటున, గడప లోపలే కూర్చుని వీధిలోకి చూస్తోంది. అరుగు ఖాళీ.

గురమ్మ తన గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో గిన్నె ఉంది, పైన ఆకు కప్పి. గట్టు బియ్యం, గట్టు కందిపప్పు, ఇంత వెల్లుల్లి. అందులో సముద్రం నుంచి వచ్చింది ఏమీ లేదు.

"అది పంపొచ్చు మరదలా. సిలకతో సూసి సెప్తాను, తే" అన్నాను.

"పచ్చముద్ర కొట్టినవే పంపినాను బావా" అంది. గిన్నె పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. మొగుడికి వడ్డించిన చప్పుడైంది.

సాయంత్రం ఇరవై ఆరు ఇళ్లూ తిరిగాను. ఎవరింట్లో వండింది వాళ్లే తిన్నారు. రాసుకో జాడమ్మా.

తెర మీద అక్షరాలు వచ్చాయి. "నమోదు స్వీకరించబడింది. అంచనాకీ వాస్తవానికీ వ్యత్యాసం లేదు."